సూది తప్పించుకునే ఉపాయం

డాక్టరు దగ్గరికి పోయే ముందు తయారు కావాలట! గడ్డం గీసుకొని ఉతికిన చొక్కా వేసుకుంటే చాలదట. ఏం చెప్పాలో, ఏం అడగాలో ముందే అనుకొని పోవాలట. ఈ జ్ఞానం మా పక్కింటి సత్తిబాబుది. గోదావరి వైపు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ కొలువుకు వచ్చాడు. మనిషి రిటైరైనా నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

నేను తక్కువ మాట్లాడే మనిషిని. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ గేటుకు కాపలా. లోపల రోజూ బస్తాలకొద్దీ గోలీలు తయారవుతాయి. బయట నేను, నాకిచ్చిన షుగరు గోలీలు మింగకుండా కూర్చుంటాను. దసరా నుంచి ముట్టలేదు. ఎందుకని మాత్రం అడగకండి.

పోయినసారి డాక్టరమ్మ బెదిరించింది. షుగరు తగ్గకపోతే ఇక రోజూ సూదే అంది. పొలంలో పామును చూసి బెదరలేదు గాని, సూదిని చూస్తే నా మోకాళ్ళు వాటంతట అవే వంగుతాయి.

"ఉన్నదున్నట్టు చెప్పేయండి సంగప్పగారూ," అన్నాడు సత్తిబాబు. "ఏ మందు మానేశారు, ఎందుకు మానేశారు, అన్నీనండీ."

"ఉన్నదున్నట్టు చెప్పనీకి అది దవాఖాననా, పోలీస్ ఠాణానా?"

నా తయారీ వేరు. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం బంద్, చాయ్ బంద్. కాకరకాయ తినాలి, కాళ్ళరిగేలా నడవాలి. పరీక్షలో నా రక్తం తోమిన గిన్నెలా మెరవాలి.

నా భార్య కౌసల్య నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"ఏంది, కాకరకాయ మీద మనసైంది?"

"పానం మంచిగుంటదని."

"దసరా కాడికెళ్లి గీ పానం యాదికి రాలేదా?"

నేను ఇంకో కాకరకాయ ముక్క నోట్లో వేసుకున్నాను. మాట్లాడకపోవడం నా స్వభావం. దొరికిపోయినప్పుడు అది చాలా సౌకర్యం కూడా.

"దవాఖానల నువ్వు నోరు తెరవొద్దు. నేనే మాట్లాడుత," అన్నాను.

"నువ్వా? పెండ్లిసూపులల్ల నీ బదులు మీ మేనమామ మాట్లాడిండు!"

"మాటియ్యి."

"ఇచ్చిన పో. మల్ల నా దిక్కు సూడొద్దు."

రెండో రోజు నడకలో కళ్ళు తిరిగి కరెంటు స్తంభాన్ని కౌగిలించుకున్నాను. సత్తిబాబు చెంబుతో పరుగెత్తుకొచ్చాడు. చక్కెర నీళ్ళు! శత్రువు కూడా అంత గురి చూసి కొట్టడు. నేను పళ్ళు బిగించాను. నీళ్ళన్నీ చొక్కా తాగింది.

మర్నాడు సంగారెడ్డి దవాఖానలో రక్తమిచ్చి, రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆమె పేరు నిషిత. నా మనవరాలి ఈడు పిల్ల.

"ఈరోజు షుగర్ బాగానే ఉంది పెద్దయ్యా."

నేను కౌసల్య వైపు రాజులా చూశాను.

"కానీ అదే రక్తంలో మూడు నెలల షుగర్ సగటు కూడా చూశాం. అది చాలా ఎక్కువగా ఉంది."

మూడు నెలల చాడీలు దాచిపెట్టి చెప్పే రక్తమట నాది! నా ఒంట్లో తిని, నా మీదే చెప్పింది.

"గోలీలు రోజూ వేసుకుంటున్నారా?"

"ఏస్కుంటున్నమ్మా."

"ఒక్కరోజు కూడా మానలేదా?"

"లేదమ్మా."

"అయితే గోలీలు మీకు పనిచేయడం లేదు. ఇన్సులిన్ మొదలుపెడదాం. రోజూ సూది."

మోకాళ్ళు వంగాయి. కూర్చొని ఉన్నాను కాబట్టి పరువు దక్కింది. కౌసల్యను మోచేత్తో పొడిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గోడ మీది గుండెకాయ బొమ్మను చూస్తోంది. మళ్ళీ పొడిచాను. కుర్చీ జరుపుకుంది.

"చెప్పవే," అన్నాను గుసగుసగా.

తల అడ్డంగా ఊపింది.

"ఏమైంది పెద్దయ్యా?"

"గోలీలు... ఏస్కుంటలేనమ్మా."

"ఎందుకు?"

నేను ఫ్యాను వైపు చూశాను. ఆడపిల్లకు ఆ కారణం చెప్పడమా! అంతకంటే సూదే నయం. కళ్ళు మూసుకొని చెయ్యి చాచాను.

"ఏసెయ్యమ్మా!"

"ఆగుండ్రి మేడం!" కౌసల్య కొంగు దిగింది. "గా పెద్ద గోలీ ఏస్కుంటె ఈయనకు కడుపు ఆగుతలేదు. గేటు కాడి నౌకరి. ముంగట లారీ హారన్ కొడ్తది, ఎన్క ఈయన కడుపు కొడ్తది. గేటు ఇడిసి ఉరికితే సూపర్‌వైజర్ తిడ్తడు. గందుకే బంద్ వెట్టిండు. సిగ్గుకు చెప్తలేడు. గట్ల చెయ్యని గోలీ ఉంటదా మేడం? తినకముందు ఏస్కోవాల్నా, తిన్నంకనా?"

ఫ్యాను మీద నుంచి చూపు దింపలేకపోయాను. నా కడుపు సంగతి ఈమెకు ఎప్పుడు తెలిసిందో!

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఈ మాట కోసమేనమ్మా ఇందాకటి నుంచి అడుగుతున్నాను. మెల్లగా కరిగే గోలీ ఉంది, కడుపుకు అంత ఇబ్బంది ఉండదు. తిన్నాక వేయండి. మూడు నెలలు చూద్దాం. ఇప్పుడే సూది వద్దు."

నేను చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాను. ఎవరూ గమనించలేదు. వాళ్ళిద్దరూ నా కూర, నా నిద్ర, నా కాళ్ళ తిమ్మిర్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

లేచేటప్పుడు డాక్టరమ్మ కౌసల్యకు నమస్కారం పెట్టింది.

"వచ్చేసారి మీరు తప్పకుండా రావాలమ్మా," అంది. "వీలైతే ఆయన్ని కూడా తీసుకురండి."