వేంపల్లె గుమ్మాన అనాస వంశోద్ధరణం

స్వస్తిశ్రీ చాంద్రమాన స్వభాను నామ సంవత్సరాన, అంటే రెండువేల మూడులో, వైశాఖ శుద్ధ విదియ నాడు, శ్రీశైలానికి దక్షిణాన, నీళ్లు తప్ప తక్కిన సమస్తమూ పారే పాపాఘ్ని తీరాన, ట్యాంకరు రాకను మించిన దైవసాక్షాత్కారం ఎరుగని వేంపల్లెలో, రామకోటయ్య కిరాణా అంగడి గుమ్మం ఎదుట జరిగిన మహాసంగ్రామాన్ని చెబుతాను. నీడన నిలబడి వినండి, ఎండ ఎక్కువ.

ఆ గుమ్మానికి నిమ్మకాయతో, ఎండుమిరపకాయలతో కలిసి, నల్లదారాన తలకిందులుగా వేలాడుతున్నది ఒక మొక్క. విభూతిరేఖల వంటి తెల్లచారల ఆకులు, అంచుల వెంట కరవాలధారల వంటి ముళ్లు, నడుమ నీళ్లు నిలిచే గిన్నె. పేరు ఎక్మియా. బ్రొమీలియేసి మహాకుటుంబ సంజాత; అనాసపండుకు సాక్షాత్తు జ్ఞాతి. హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెప్పే సుబ్బయ్య అయివారి భార్య రామసుబ్బమ్మ దాన్ని బెంగుళూరు లాల్‌బాగులో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పేరు ఆయన చెప్పాడు. గిన్నెలో రోజూ ఉద్ధరిణెడు నీళ్లు ఆమె పోసింది. కార్తీకంలో ఆమె పోయింది. మాఘంలో అది పూసింది. ఆ జాతి ఒక్కసారే పూస్తుంది. మొదలు దగ్గర ఒక పిలక వేసి, తాను మెల్లగా ఎండిపోతుంది. నీళ్లు పోసే పని ఆయనకు వచ్చింది. గుర్తొచ్చినప్పుడు పోసేవాడు.

అమావాస్య నాడు రామకోటయ్య ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మ అయివారింటికి వచ్చి, గోడ మీది కలబందను దిష్టికి అడిగింది. పరీక్షపేపర్లు దిద్దుతున్న సుబ్బయ్య తలెత్తకుండానే "తీసుకోమ్మా" అన్నాడు. గోడ మీద ఉన్నవి రెండు కుండీలు. ఆమె కలబందను వదిలి రెండోది పెరికింది. విదియ పొద్దున ఉద్ధరిణె పట్టుకుని వచ్చిన సుబ్బయ్యకు ఖాళీ కుండీ కనిపించింది.

వచ్చే అమావాస్య దాకా ఆ ఎండలో వేలాడితే, బొటనవేలంత పిలక కూడా మిగలదు. అందువల్ల జ్వలిత నేత్రుడై, శుష్కోదరుడై, హవాయిచెప్పుల పాదుడై, ఆ వీరుడు అంగడి ముందు నిలిచి గర్జించాడు:

"కందిబేడల కొండలకూ చింతపండు దుర్గాలకూ ఏలికైన తల్లీ! మీరు బంధించింది కలబందను కాదు. ఆకుల నడుమ తన చెరువును తానే మోసే బ్రొమీలియేసి వంశపు ఆడపడుచును! దాని కుటుంబం వేరు. విడుదల చేయండి!"

ఎదురుపడిన ప్రతి మనిషినీ ఇంటిపేరు అడిగి, కుర్చీ వేయాలో అరుగు చూపాలో దాన్నిబట్టి తేల్చుకునే జనసందోహం, మొక్కకు కుటుంబమనగానే పగలబడి నవ్వింది.

రాజ్యలక్ష్మమ్మ నవ్వలేదు. "మందంగా ఉండాది, ముళ్లుండాయి, మట్టి లేకున్నా బతుకుతాది. కలబంద కాకపోతే ఇంకేంది అయివారూ? మీరే తీసుకోమంటిరి గద! కట్టినదాన్ని నడిమధ్యలో ఇప్పితే ఆ దిష్టంతా మా నెత్తిన పడతాది."

సుబ్బయ్య రామకోటయ్య వైపు చూశాడు. ఆయన తక్కెడ వెనక్కి జరిగాడు. "నన్నడగద్దు సామీ. అంగడి నాది, గుమ్మం ఆమెది."

వీరుడు వెనుదిరిగాడు. పారిపోయాడనుకున్నారు. పావుగంటలో, ఎడమచేత అసలు కలబంద కుండీ, కుడిచేత సగం బ్లేడు ధరించి మరలి వచ్చాడు. ఒక ఆకు ఖండించాడు. తెల్లని జిగురు ధారగా కారి చెప్పుల మీద పడింది.

"ఇది కలబంద. ఇప్పుడు మీరు కట్టినదాని ఆకు కోయండమ్మా."

ఆమె కత్తెరతో కోసింది. నారలు తేలాయి; చుక్క రాలేదు.

"ఎండకు ఇంకిపోయిండాది," అన్నది ఆమె, కోట కూలినా జెండా దించని రాణిలా.

ఆ క్షణాన తోపుడుబండి గోపన్న తన అనాసపండ్ల రాశిలోంచి ఒకదాన్ని ఎత్తి, దాని తలను మొక్క పక్కన తలకిందులుగా పట్టాడు. "ఇదేందమ్మో! మా అనాస తలకాయను నరికి గుమ్మానికి కట్టినట్టుండాదే! ఆ ముళ్లు చూడు, ఆకుల చుట్టు చూడు. రెండూ ఒకే కొంపవి గదా!"

ఇరవై ఏళ్లుగా సుబ్బయ్య నల్లబల్ల మీద బోధించింది ఆ బండి ముందు ఒక్క లిప్తలో ఊరికి బోధపడింది.

రాజ్యలక్ష్మమ్మ అటు చూసింది, ఇటు చూసింది. ముఖం పాలిపోయింది. "అంటే రెండు దినాలుగా మా అంగడికి కాపలానే లేదా? నిన్న ఆ ఎదురంగడాయన ఈడనే నిలబడి ఎంతసేపు చూసిపాయె! ఏమండీ, బేడలు తర్వాత తూకుదురుగానీ, స్టూలు తెండి!"

ఆ విధంగా శాస్త్రం గెలిచింది. కలబంద గుమ్మమెక్కింది, అనాస చుట్టం నేలకు దిగింది. దాన్ని అందిస్తూ ఆమె గొంతు తగ్గించింది. "రామసుబ్బక్క తెచ్చినదంటే నేను ముట్టుకుందునా అయివారూ? ఆ మాట ముందే చెప్పకపోతిరి."

సుబ్బయ్య రెండు చేతులా అందుకున్నాడు.

దశదిశల వారికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఈ దిగ్విజయంలో గెలిచిన రాజ్యం ఒక కుండీ, దక్కిన ప్రజ ఒక పిలక, జరిగిన పట్టాభిషేకానికి వాడిన పుణ్యోదకం ఒక ఉద్ధరిణెడు. పిలక గిన్నెలో ఏడు చుక్కలే పట్టాయి. మిగిలినవి ఆయన ఎండిపోతున్న తల్లిమొక్క గిన్నెలో పోశాడు.