పెంకుల మీద ఓటు

గ్రీకు మేష్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటి సమావేశంలో తన శాఖను బతికించుకోవడం, ఇంటికొచ్చి ఓ కునుకు తీయడం. కాలేజీలో ఒక శాఖను ఎత్తేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రాచీన గ్రీకు, రోమన్ సాహిత్యం చెప్పే ఆయన శాఖలో విద్యార్థులు ముగ్గురే. అందులో ఒకడు గది చల్లగా ఉంటుందని వచ్చేవాడు. శాఖ పోతే ఉద్యోగమూ పోతుంది. ఈ ఒక్కరోజు ఆ గ్రీకులను ఇంట్లో వదిలేసి వెళ్ళమని భార్య చెప్పి చూసింది. ఆయన వింటేగా!

రెండు వేల ఏళ్ళనాటి చదువు ఇవాళ్టి సమస్యలకు ఏం పనికొస్తుందని సమావేశంలో లెక్చరర్లందరి ముందూ ప్రిన్సిపాల్ మొహమాటం లేకుండా అడిగేశాడు. మేష్టారు ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నారు. ఎవరిని సాగనంపాలన్నదే కదా మన సమస్య, ఏథెన్సువాళ్ళు దీన్ని ఒక్క పూటలో తేల్చేవారన్నారు. తలా ఒక కుండపెంకు మీద పేరు గీకి ఇవ్వడమే. ఎక్కువ పెంకులు పడ్డవాడు పదేళ్ళు ఊరు విడిచి పోవాలి. కామర్స్ హెడ్డు నోటిదురుసుకు పెంకులన్నీ అతనికే పడతాయని ఆయన ధీమా. నింద పెంకుల మీదికి పోతుంది కదా అని ప్రిన్సిపాల్ కూడా సంబరపడ్డాడు.

"కాగితాలు చాలవా?"

"కాగితమైతే అది ఏథెన్సు ఎలా అవుతుంది సార్?"

ప్రిన్సిపాల్ బెల్లు మోతకు పరిగెత్తి పరిగెత్తి మోకాళ్ళు అరిగిపోయిన ముసలి అటెండరును పెంకులకు పంపారు. కాలేజీలో కుండలెక్కడివి? బోటనీ మేడం మూడేళ్ళుగా ప్రాణంలా చూసుకుంటున్న మట్టి కుండీలు వరండాలో కనిపించాయి. అరడజను పగలగొట్టి బుట్ట నింపుకొచ్చాడు. వెనకాలే మేడం, వేళ్ళతో సహా వేలాడుతున్న మొక్కను తెచ్చి మేష్టారి ముఖం ముందు ఊపింది. అందరూ ఆమె పక్షమే. కామర్స్ హెడ్డు అయితే ఆ మొక్కకు నీళ్ళు కూడా పోశాడు.

తడి పెంకుల మీద పెన్నులు సాగలేదు. అటెండరు దగ్గర ఒక మేకు ఉందని, దాంతో గీకే ఓపిక కూడా అతనొక్కడికే ఉందని తేలింది. ఒక్కొక్కరే వెళ్ళి అతని చెవిలో పేరు చెప్పారు. చెప్పి వచ్చిన ప్రతివాళ్ళూ మేష్టారి వైపు చూడకుండా కూర్చున్నారు. పెంకులన్నీ తనకే పడుతున్నాయని ఆయనకు అర్థమైపోయింది.

లెక్కపెట్టే పని ఆయన మీదే పడింది. ఇరవై రెండు పెంకులూ తిరగేశారు. అన్నిటి మీదా ఒకే దస్తూరీ, ఒకే మాట: ప్రిన్సిపాల్. తాను చెప్పిన కామర్స్ హెడ్డు పేరు ఒక్కదాని మీదా లేదు. గుమ్మం దగ్గర అటెండరు పైకప్పు కేసి చూస్తున్నాడు.

ఇది దొంగ ఓటని పండితుడన్నవాడు అరిచి చెప్పాలి. చెబితే మళ్ళీ కాగితాల మీద ఓటు, సాయంత్రానికి తన ఉద్యోగం గోవిందా. మేష్టారు జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని, బుట్టను మెల్లగా ప్రిన్సిపాల్ ముందుకు జరిపారు.

ప్రిన్సిపాల్ నాలుగు పెంకులు చూశాడు, ఎదురుగా ఉన్న ముఖాలు చూశాడు, పాలిపోయాడు.

"ఇవి పైకి చదవాలా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏథెన్సులో అయితే చదవాలి సార్. రోమువాళ్ళకు పేర్లు చెరిపేసే పద్ధతి కూడా ఉంది."

"మనం రోములో ఉన్నామనుకోండి."

అప్పటికప్పుడు ప్రిన్సిపాల్ లేచి, ఏ శాఖా పోదని, పైవాళ్ళకు తానే రాసుకుంటానని ప్రకటించాడు. గ్రీకు, రోమన్ సాహిత్యం నేటి సమస్యలకు అత్యంత అవసరమని సాయంత్రానికి ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట ఏ సమస్యకూ దాన్ని వాడరాదని కింద ఒక్క షరతు మాత్రం ఉంది.