సెనేటుకు ఇరవై దుప్పట్లు

ఆ శుక్రవారం ఉదయం వసపిట్ట వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నాన్న స్నానానికి వెళ్ళగానే మెట్లు దిగి కింద ఉన్న ఆయన లాండ్రీలోకి వెళ్ళాలి. ఎడమ గోడ అల్మరాలో ఎర్ర అంచు దుప్పట్లు ఇరవై ఉంటాయి. వాటిని రెండు మూటలు కట్టి సైకిలు మీద బడికి చేర్చాలి. పదింటికి నాటకం, పదకొండింటికి చప్పట్లు, పన్నెండింటికల్లా దుప్పట్లు మళ్ళీ అల్మరాలో ఉంటాయి. ఆసుపత్రి బండి వాటి కోసం వచ్చేది ఎప్పుడూ సాయంత్రమే. నాన్నకు తెలియదు, ఆసుపత్రికి తెలియదు, ముఖ్యంగా క్లాసులో ఎవరికీ తెలియదు.

తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయిని అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ వసపిట్టే. నోరు తెరిస్తే మూయదు. అలాంటి పిల్ల ఒక్క విషయంలో మాత్రం నోరు కుట్టేసుకుంది. ఈ బడిలో చేరిన మొదటి రోజు టీచరు ఒక్కొక్కరినే లేపి మీ నాన్న ఏం చేస్తారని అడిగారు. ఇంజనీరు, లాయరు, బ్యాంకు మేనేజరు అయిపోయి వంతు తన దాకా వచ్చేసరికి "బట్టల వ్యాపారం" అనేసింది. అబద్ధమేమీ కాదు కదా అని తర్వాత తనకు తానే సర్దిచెప్పుకుంది. బట్టలు వస్తాయి, బట్టలు పోతాయి. వ్యాపారమంటే అంతేగా!

రెండేళ్ళు నిక్షేపంగా నడిచిన ఆ మాటకి రోమన్ చరిత్ర వచ్చి అడ్డం పడింది.

చరిత్ర మాస్టారుకి రాజులూ యుద్ధాలూ పెద్దగా ఆనవు. ఆ రాజు ఏం తిన్నాడు, ఎక్కడ నిద్రపోయాడు, ఆయన బట్టలు ఎవరు ఉతికారు, ఇవే ఆయనకు చరిత్ర. పోయిన నెలలో ఒక రోజు బోర్డు మీద రోమన్లు ఒంటికి చుట్టుకునే టోగా బొమ్మ గీసి, "ఇంత తెల్లటి బట్ట అంత మట్టిలో ఎలా తెల్లగా ఉండేదో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు.

"సబ్బు పెట్టి సార్."

"సబ్బు ఎక్కడిదిరా వాళ్ళకి? బట్టలు ఉతికేవాళ్ళు వీధి మలుపుల్లో కుండలు పెట్టేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు అందులో మూత్రం పోసి వెళ్ళేవాళ్ళు. దాన్ని పులియబెట్టి, నీళ్ళు కలిపి తొట్టెలో పోసి, బట్టలు వేసి కాళ్ళతో తొక్కేవాళ్ళు. మురికి అంతా పోయేది."

క్లాసంతా ముక్కులు మూసుకుంది. ఒకళ్ళిద్దరు ఎందుకో వసపిట్ట వైపు చూశారు. వాళ్ళు చూశారన్న కంగారులో వసపిట్ట పకపకా నవ్వేసింది. "ఛీ, యాక్! వాళ్ళని ఇంట్లోకి ఎవరు రానిస్తారు సార్?" అని కూడా అంది. దాంతో క్లాసంతా విరగబడి నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "వాళ్ళు లేకపోతే రోమ్ పెద్దల సభ, ఆ సెనేటు మొత్తం మాసిన బట్టలతో కూర్చునేదమ్మా" అని పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్న ఎప్పట్లాగే, "ఇవాళ ఏం పాఠం చెప్పారు తల్లీ?" అని అడిగాడు.

"రోమ్ నాన్నా. రాజులు, యుద్ధాలు."

"పాపం, వాళ్ళ బట్టలు ఎవరు ఉతికేవాళ్ళో!" అన్నాడాయన, రోజంతా నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళతో మంచినీళ్ళ గ్లాసు కూతురి వైపు జరుపుతూ.

వసపిట్టకి పొలమారింది. నాన్న వీపు నిమిరాడు. ఆ చెయ్యి వీపు మీద ఉన్నంతసేపూ ఆ పిల్లకి తల ఎత్తి ఆయన ముఖంలోకి చూడడానికి సిగ్గేసింది.

సిగ్గు పడి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. తల్లిదండ్రుల సమావేశం రోజున క్లాసు చేత సీజరు హత్య ఆడిస్తానన్నారు మాస్టారు. ఇరవై మందికి టోగాలు కావాలి. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ టోగాలకి ఎర్రటి ఊదా అంచు ఉండేది కాబట్టి అంచు కూడా కావాలి. "ఎవరు తెస్తారు?" అని ఆయన అడగ్గానే ముప్పై తొమ్మిది తలలు ఒక్కసారిగా బట్టల వ్యాపారి కూతురి వైపు తిరిగాయి. తను వద్దన్నా ఊరుకోని నోరు, "నేను తెస్తాను సార్" అంది. సమావేశం ఉందన్న సంగతి మాత్రం నాన్నకి చెప్పలేదు.

ఆ లాండ్రీలో అంచు రంగుని బట్టి దుప్పటి ఎక్కడిదో తెలుస్తుంది. నీలం అంచు కంటి ఆసుపత్రి వార్డులది, ఆకుపచ్చ నర్సుల గదులది, ఎరుపు ఆపరేషన్ గదిది. ఎర్ర అంచుని రెండుసార్లు ఉడకబెడతారు. మోచేతుల దాకా కడుక్కోనిదే నాన్న కూడా ముట్టుకోడు. ఇవన్నీ వసపిట్టకి నడక రాకముందు నుంచీ తెలుసు. కానీ ఆ వారమంతా బోర్డు మీద సెనేటర్లనే చూసి చూసి, అల్మరాలో ఎర్ర అంచు కనబడగానే ఆ పిల్లకి ఆపరేషన్ గది గుర్తు రాలేదు, రోమ్ గుర్తొచ్చింది.

అలా రోమ్ సైకిలెక్కి బడికి వెళ్ళింది. ప్రతి దుప్పటి మూలనా పోస్టు కార్డంత నల్ల ముద్ర ఉంది. దాని మీద 'కంటి ఆసుపత్రి, ఆపరేషన్ గది' అని ఉంది. ఆ మూలని లోపలికి దోపుకోవాలని, లేకపోతే టోగా జారిపోతుందని వసపిట్ట పంతొమ్మిది మందికీ విడివిడిగా చెప్పి, స్వయంగా దోపింది. తను సీజర్ని పొడిచే బ్రూటస్. క్లాసు లీడరు సీజరు.

పదింటికి తెర వెనక అందరూ వరుసలో నిలబడ్డారు. అప్పుడు మైకులో ప్రధానోపాధ్యాయురాలి గొంతు వినబడింది. "రాలేనన్న ముఖ్య అతిథి మన అదృష్టం కొద్దీ ఆఖరి నిమిషంలో వచ్చారు. కంటి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ గారు!"

వసపిట్ట తన టోగా మూలని ఇంకాస్త లోపలికి దోపుకుంది.

"అదృష్టం మీది, నాది కాదు" అంది మైకులో డాక్టరమ్మ. "ఇవాళ అదనంగా పదకొండు ఆపరేషన్లు పెట్టుకున్నాం. దుప్పట్లు పొద్దున్నే కావాలని లాండ్రీ అతనికి నిన్న రాత్రే చెప్పాం. తీరా తొమ్మిదింటికి ఫోను చేసి, కడిగి పెట్టిన ఇరవై దుప్పట్లూ మాయమయ్యాయన్నాడు. కళ్ళల్లో చుక్కలు వేయించుకున్న పదకొండు మందినీ మసక కళ్ళతోనే ఇళ్ళకి పంపాల్సి వచ్చింది. పదిహేనేళ్ళుగా ఒక్క దుప్పటి తేడా రాలేదు. ఇవాళ ఏమైందో. రేపటి నుంచి వేరే లాండ్రీ చూసుకోవాలి."

సభ పాపం పాపం అంది. తెర వెనక వసపిట్ట సీజరు చెయ్యి పట్టుకుంది. "నాటకం ఆపేద్దాం."

"భయమా? స్టేజి ఎక్కాక పోతుందిలే."

"పోనీ చచ్చిపోయేటప్పుడు ముసుగు లాక్కోకు."

"అదేంటి? పొడిచాక సీజరు టోగా తల మీదికి లాక్కున్నాడని మాస్టారు చెప్పారుగా. చరిత్ర మార్చేస్తామా?" అన్నాడు వాడు. చంకలో దాచుకున్న సంచి తడిమి చూపించి, "ఎర్ర సిరా. నువ్వు పొడవగానే నొక్కుతా. మాస్టారుకి చెప్పకు" అని కన్ను గీటాడు.

ఇంతలో తెర లేచింది.

సెనేటర్లు దర్జాగా నడిచారు. కుట్రదారులు గుసగుసలాడారు. అట్టతో చేసిన కత్తి పట్టుకున్న బ్రూటస్ మాత్రం డైలాగులన్నీ మరిచిపోయి, ముందు వరుసలో ఉన్న డాక్టరమ్మ కళ్ళద్దాలనే చూస్తూ నిలబడిపోయాడు. చివరికి సీజరే దగ్గరికి జరిగి, "పొడువు, పొడువు" అని పళ్ళ మధ్య నుంచి అంటే పొడిచాడు. సంచి చిట్లింది. ఎర్ర సిరా కాలువ కట్టింది. తల్లులు కెవ్వుమన్నారు. సీజరు చరిత్రలో ఉన్నట్టే టోగా తల మీదికి లాక్కుని, ముందు వరుసకి రెండడుగుల దూరంలో దబ్బున పడ్డాడు. దోపిన మూల బయటికొచ్చి సరిగ్గా వాడి ముఖం మీద పరుచుకుంది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. ముద్ర చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఇవి మా దుప్పట్లు!"

చనిపోయిన సీజరు లేచి కూర్చున్నాడు.

"ఎవరు తెచ్చారివి?"

వసపిట్ట నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ నోట్లోంచి మాట రాలేదు. ఆ అవస్థ చూసి లీడరే అందుకున్నాడు. "ఈ అమ్మాయి వాళ్ళ నాన్నది బట్టల వ్యాపారం మేడమ్. వాళ్ళ కొట్లోంచి తెచ్చింది."

"కొట్లోంచా!" డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "అంటే మాయమవడం కాదన్నమాట. ఆ లాండ్రీ మనిషి మా దుప్పట్లు పట్టుకెళ్ళి బట్టల కొట్టుకి అమ్ముకుంటున్నాడు! పదిహేనేళ్ళు నమ్మాను కదా వాణ్ణి!" అంటూ అక్కడికక్కడే లాండ్రీకి ఫోను చేసి, "దొంగ సొత్తు దొరికిందయ్యా. వెంటనే బడికి రా" అంది.

బడికి లాండ్రీ రెండు వీధుల అవతలే. ఆ పది నిమిషాలూ స్టేజి మీద నిలబడి వసపిట్ట ఒకే లెక్క వేసుకుంటూ ఉంది. నిజం చెబితే తన పరువు పోతుంది. చెప్పకపోతే నాన్న దొంగ అవుతాడు. తొమ్మిదో తరగతి పిల్లకి కూడా తేలిగ్గా తెగే లెక్కే అది. అయినా ఎదురుగా ఇంజనీర్లూ లాయర్లూ కూర్చుని ఉంటే ఆ జవాబు పైకి చెప్పలేకపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

నాన్న వచ్చాడు. మోచేతుల దాకా మడిచిన తడి చొక్కా, మోకాళ్ళ దగ్గర సబ్బు నురగ. గుమ్మంలో ఆగి స్టేజి చూశాడు. ఇరవై ఎర్ర అంచులు చూశాడు. వాటి మధ్య కత్తి పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు.

"ఏమయ్యా, ఈ అమ్మాయి నాన్నకి అమ్మావా ఇవి? ఎవరో బట్టల వ్యాపారి అట."

నాన్న కూతురి ముఖంలోకి మరోసారి చూశాడు. అంతా అర్థమైపోయింది. తల వంచుకుని, "అమ్మలేదు డాక్టరమ్మా. మూటలు మారిపోయాయి. తప్పు నాదే" అన్నాడు.

"ఆ వ్యాపారి నీకు తెలుసా?"

"కొద్దిగా తెలుసమ్మా" అన్నాడాయన. "మంచి మనిషే. ఆయన్నేమీ అనకండి."

వసపిట్ట చేతిలోని కత్తి అవతల పారేసింది. "మా నాన్న!" అని అరిచింది. ఆ తర్వాత అడ్డూ ఆపూ లేకుండా వచ్చేసింది. "ఆయనే మా నాన్న! బట్టల వ్యాపారం లేదు, కొట్టూ లేదు, లాండ్రీ! దుప్పట్లు నేనే చెప్పకుండా తెచ్చాను. ఆయనకేం తెలీదు. నాకు సిగ్గేసి అబద్ధం చెప్పాను. నాన్నా, నేను... ఆ రోజు క్లాసులో నేనే అందరికంటే గట్టిగా నవ్వాను నాన్నా!"

ఆ నవ్వు సంగతి నాన్నకి అర్థం కాలేదు కానీ ఏడుపు అర్థమైంది. వెళ్ళి స్టేజి అంచు దగ్గర నిలబడ్డాడు. వసపిట్ట కళ్ళు గట్టిగా మూసుకుని, క్లాసంతా నవ్వడం కోసం ఎదురు చూసింది.

ఎవరూ నవ్వలేదు. సీజరు ఇబ్బందిగా, "మాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీ నాన్నగారు ప్రతి ఆదివారం మా ఇంటికి ఇస్త్రీ బట్టలు తెస్తారు. తెచ్చినప్పుడల్లా, 'మా అమ్మాయీ నీ క్లాసే బాబూ, చరిత్రలో ఫస్టు' అని చెబుతారు. అందరిళ్ళలోనూ చెబుతారు. నువ్వు బట్టల వ్యాపారం అన్నావని మేమూ అదే అంటున్నాం. నువ్వు బాధపడతావని. ఇప్పుడు మేడమ్‌కీ అందుకే చెప్పా. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

వెనక సెనేటంతా తలూపింది. మాస్టారు తన చొక్కా కాలరు వెనక్కి తిప్పి, లోపల ఆ లాండ్రీలోనే కుట్టిన గుర్తు దారం చూపించి మళ్ళీ సరిచేసుకున్నారు. రెండేళ్ళు తను ఒక్కతే మోస్తున్నాననుకున్న అబద్ధాన్ని ముప్పై తొమ్మిది మంది తలో చెయ్యి వేసి మోశారని తెలిశాక, అబద్ధం బయటపడ్డప్పటి కంటే ఎక్కువ సిగ్గేసింది వసపిట్టకి. స్టేజి మీద కూలబడిపోయింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. ఎదుటి మనిషిని నిండు సభలో దొంగ అన్నాక ఆ మాత్రం తుడుచుకోక తప్పదు. "పొరపాటు మాట అన్నానండీ" అంది చివరికి. అయ్యా పోయి అండీ వచ్చింది. "ఆపరేషన్లు రేపు పొద్దున్న పెట్టుకుంటాం. దుప్పట్లు అందుతాయా?"

"ఏడింటికల్లా అందుతాయమ్మా" అన్నాడు నాన్న.

ఇరవై మంది సెనేటర్లూ టోగాలు విప్పి, మడతలు పెట్టి, మూటలు కట్టారు. నాన్న మూటలు సైకిలుకి ఎత్తి, నెట్టుకుంటూ నడిచాడు. పక్కనే కూతురు. తిడతాడేమోనని ఒక వీధి దాటేదాకా చూసింది. తిట్టలేదు. అదింకా కష్టంగా ఉంది. రెండో వీధి మలుపులో ఆయన ఆగి, పై మూటలోంచి వేలాడుతున్న ఎర్ర మరకల దుప్పటి అంచు పట్టుకుని పరీక్షగా చూశాడు.

"ఇంతకీ ఆ సీజర్ని చంపిందెవరు తల్లీ?"

"నేనే నాన్నా."

"అయితే ఈ మరక నువ్వే వదిలించు."