పొక్లెయిన్‌కు ఉప్పునీళ్లు

కరోనా రెండో విడత నెమ్మదించిన వేళ, సూరత్‌లోని బమ్రోలి తెలుగు గల్లీ అభివృద్ధి సంఘం ఒక చిన్న పొక్లెయిన్‌ను సొంతం చేసుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పూడుకుపోయిన మురికినీటి మోరీని వానలకు ముందే తవ్వడం దాని పని. ఇరుకు గల్లీలో సైతం పట్టేంత చిన్నది, పసుపుపచ్చగా ముద్దొస్తున్నది. సభ్యులు దానికి పూజ చేసి, మాస్కులు గడ్డం కిందికి దించి ఫొటోలు దిగారు.

మోరీ పక్కనే కొమురవ్వ గది. ఆమె చీరలకు మెరిసే టిక్కీలు అంటించి ఇల్లు నడుపుతోంది. మంచం పట్టని గది కనుక శేఠ్ పంపిన చీరల మూటలన్నీ నేలమీదే ఉంటాయి.

"నరహరన్నా, మబ్బు పడుతున్నది. జర జల్ది తవ్విపియ్యుండ్రి. చీరలు తడిస్తే శేఠ్ మల్ల పనియ్యడు" అని మొత్తుకున్నదామె.

అధ్యక్షుడు నరహరిగారు తొందరపడే మనిషి కాదు. బట్టను వేళ్ల మధ్య నలిపి దాని ఆయుష్షు చెప్పగల అనుభవజ్ఞుడు. ఆయన మైకు అందుకున్నారు: "వానలు ఏటా వస్తాయి, యంత్రం ఒక్కసారే వస్తుంది! మన పిల్లల కాలందాకా మన్నుతుందని తేలనిదే దాన్ని మట్టిలో పెట్టే ప్రసక్తి లేదు!"

చప్పట్లు మోగాయి. మన్నిక నిర్ధారణ ఉపసంఘం వెలిసింది. అందరూ మగ్గాల మీద బతికినవారే కనుక నైపుణ్యానికి కొదవ లేదు.

ముందు తడిగుడ్డతో రుద్దారు. గుడ్డకు పసుపు అంటింది. అది పూజలో పూసిన పసుపని ఎవరికీ గుర్తురాలేదు. గుర్తొచ్చినవారు మర్యాదస్తులు, నోరు విప్పలేదు. రంగు దిగే సరుకని తేలింది కనుక, కొత్త చీరకు మన ఇళ్లలో ఏం చేస్తామో దీనికీ అదే చేయాలని తీర్మానించారు. డ్రమ్ములకొద్దీ ఉప్పునీళ్లు కలిపి పొద్దునా సాయంత్రం తడిపారు. "గంజి గిట్ట పెడితే ఇంకా బిర్రుగుంటది" అని డ్రైవర్ పరుశురాం సలహా ఇచ్చాడు. అది రెండో దశకు వాయిదా పడింది. రంగు గట్టిపడేదాకా యంత్రాన్ని తార్పాలిన్ కింద దాచారు.

వాన మాత్రం ఉపసంఘం నివేదిక కోసం ఆగలేదు. మోరీ పొంగి కొమురవ్వ గదిలోకి వచ్చింది. అప్పుడు తార్పాలిన్ లాగి చూస్తే యంత్రం ఎర్రగా ఉన్నది. పరుశురాం ఇంజను ఎంత గట్టిగా తిప్పినా తుప్పుకు బిగుసుకున్న దాని చెయ్యి లేవలేదు. పైన పసుపు, లోన ఎరుపు ఉన్న మోసపు మాల్ అని ఉపసంఘం నివేదించింది. సగం చీరలు తడిశాయి. శేఠ్ పని ఆపేశాడు. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆమె ముఖం చూడలేకపోయాం.

తరువాతి ఆదివారం సర్వసభ్య సమావేశం. యంత్రాన్ని సకాలంలో పరీక్షించి గల్లీని మోసం నుంచి కాపాడినందుకు నరహరిగారికి శాలువా కప్పారు. కొమురవ్వ తన గడపలోంచే మాట్లాడింది: "మోరీల మట్టి మాత్రం పక్కా మాల్ అన్నా. ఎంత వానొచ్చినా ఇసుమంత కదల్లే. నువ్వు సుత గంతే." నరహరిగారు దాన్ని అభినందనగా స్వీకరించారు.

ఆయననే మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకునేందుకు చేతులెత్తమన్నారు. అందరం ఎత్తాం. దండెం మీద తడిచీరలు ఆరేస్తున్న కొమురవ్వ చేతులు రెండూ ఎలాగూ పైనే ఉన్నాయి కనుక వాటినీ లెక్కలో వేశారు.

గల్లీ మొత్తంలో పొక్లెయిన్ చెయ్యి ఒక్కటే లేవలేదు.