బంక ఎరుగని మనిషి

మా కొర్డొఫాన్ సీమ తుమ్మబంక మనిషి ఒంటికి పడుతుందని లోకానికి రుజువు చేయాలంటే జరగవలసిన పనులు ఇవి: బంకను ఏరాలి, దంచాలి, నీళ్లలో కరిగించాలి, పుట్టి బుద్ధెరిగి బంక నోట పెట్టని మనిషిని వెతికి అతని చేతి మీద చుక్క వేసి సూదితో గుచ్చి చూడాలి. మొదటి మూడూ మా ప్రయోగశాల ఉదయం టీ లోపే ముగించింది.

బంకకు అలవాటుపడిన ఒళ్లు బంక గురించి సాక్ష్యం చెప్పరాదని నిరపాయ నిర్ధారణ మండలి అధ్యక్షులు డాక్టర్ బషరీ గారి నిబంధన. (న్యాయమే. అత్తగారి గుణం కోడలిని అడుగుతామా?) మా ఊళ్లో పాలు మరిచేలోపే పిల్లలు బంక చప్పరిస్తారు. ఎన్నడూ తినలేదని ఒట్టేసిన ఇద్దరు ముగ్గురూ హామీపత్రం మీద స్టాంపును నాలుకతో తడిపి అంటించారు. స్టాంపు వెనక పూత మా బంకే. అక్కడికక్కడే అనర్హులయ్యారు.

ఈలోగా బంక ఏరి అమ్ముకునే పెద్దావిడ సిత్తానా హాజా బస్తాలు ఆరుబయటే ఉన్నాయి. భర్త పోయాక నాలుగు తుమ్మచెట్లే ఆమెకు ఆధారం. మండలి పత్రం లేనిదే వర్తకుడు బస్తా ముట్టడు; వానకు తడిస్తే ఇక ఎవరూ ముట్టరు. అందుకని ఆమె రోజూ వచ్చి మా వరండాలో కూర్చునేది.

చివరికి దొరికాడు. ఎర్ర సముద్రపు కొండల లారీ డ్రైవర్ ఓషేక్. సోడా తాగడు, మిఠాయి తినడు, కాఫీ తప్ప మరో రుచి ఎరుగడు. స్టాంపును తడిగుడ్డతో అంటించుకోవడానికి అతనికి రాజధాని నుంచి ప్రత్యేక అనుమతి తెప్పించాం. మధ్యాహ్నం ఎండలో దిగి, వరండాలో కూలబడ్డాడు. సిత్తానా తన నీళ్ల సొరబుర్ర అతని ముందుకు చాచింది.

"పెదాలు పగిలిపోయాయి కదయ్యా! ఇదిగో, తాగు."

"వద్దు హాజా. పరీక్షయ్యేదాకా ఏమీ ముట్టొద్దన్నారు."

"అన్నవాడికి తల్లి మర్యాద నేర్పలేదు. నా ఎదుట అతిథి నోరెండి కూర్చుంటే మావాళ్లు నా మొహం చూస్తారా? పట్టు!"

నేను సూది పట్టుకుని వచ్చేసరికి సొరబుర్ర ఖాళీ.

"ఏం కలిపావు హాజా?"

"ఏమీ లేదు తల్లీ. కాస్త బంక. అతిథికి ఉత్తి నీళ్లు ఎవరిస్తారు?"

"భలే ఉంది," అన్నాడు ఓషేక్. "ఇంకాస్త ఉందా?"

సాయంత్రం దాకా గమనించాం. దద్దుర్లు లేవు, ఆయాసం లేదు. అయితే అవి ముందస్తు అనుమతి లేకుండా రాకపోయాయి కనుక లెక్కలోకి రావని అధ్యక్షులవారు తేల్చారు. ఆ వారమే వాన కురిసింది. బస్తాలన్నీ ఒక్క ముద్దయ్యాయి. సిత్తానా బంక వల్ల ఈ ఏడాది ఎవరికీ హాని జరగలేదని మండలి సంతోషంతో ప్రకటించింది.

పాఠకులకు మనవి. మీరు తాగే సోడాలో మా బంక ఉండవచ్చు. తాగాక ఒంట్లో బాగానే ఉంటే ఆ సంగతి మండలికి రాయకండి, మీరూ అనర్హులే. సిత్తానా హాజాను మాత్రం ఒకసారి తలుచుకోండి.