వేదవతి కోతులూ విఠల్ బోటూ

జూలో తప్ప కోతి కనిపించని న్యూజిలాండ్‌లో కోతుల మీద పరిశోధన చేసి ప్రొఫెసరైన మనిషి మా ఆవిడ. పేరు వేదవతి. కోతులు ఎవరితో జట్టు కడతాయి, ఎవరితో కొట్లాడతాయి, మళ్ళీ ఎలా రాజీపడతాయి, అందులోంచి మన బుద్ధులు ఎలా వచ్చాయి, ఇదీ ఆవిడ చదువు. పరిణామ మనస్తత్వ శాస్త్రం అంటారు. మా అమ్మ శకుంతల మాత్రం ఎవరడిగినా "మా కోడలు కోతుల్ని చూసుకుంటుంది" అని తేల్చేస్తుంది.

నేను కంప్యూటర్లు చూసుకుంటాను. వాటికి బుద్ధులుండవు కాబట్టి నాకంత చదువు అవసరం పడలేదు.

గొడవంతా బోటుతో వచ్చింది. మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే నా స్నేహితుడు విఠల్ చేపలవేటకి పాత బోటొకటి చూశాడు, ఇద్దరం కలిసి కొందామన్నాడు. ప్రాణం లేచొచ్చింది. కానీ లోగడ నేను ముచ్చటపడి కొన్న టెంటూ, సైకిలూ, గిటారూ ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటి గరాజ్ నిండా విశ్రాంతి తీసుకుంటున్నాయి. మామూలుగా అడిగితే పని జరగదు.

ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. ఓ పొద్దున ఆఫీసులకి వెళుతూ మోటార్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. అలాంటప్పుడు ఆవిడ నాకు పాఠం చెబుతుంది.

"కోతులు ఊరికే పేలు చూస్తాయనుకుంటున్నారా? పెద్ద కోతికి పేలు చూసినదాన్ని, తర్వాత గొడవొస్తే ఆ పెద్దదే వెనకేసుకొస్తుంది. పళ్ళ చెట్టు దగ్గర పక్కన కూర్చోనిస్తుంది."

"వెంటనేనా?"

"ఓపిగ్గా కొన్నాళ్ళు చూడాలి."

"ఎంత గొప్ప సంగతి కనిపెట్టావు వేదా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆవిడ నావంక కాస్త వింతగా చూసి, ముందు కారు కదిలిందని గుర్తుచేసింది.

విఠల్‌కి నా పథకం చెప్పి, ఆ శనివారమే మొదలుపెట్టాను. "కూర్చో, తలకి నూనె పెడతాను" అన్నాను.

"నాకా?"

"నీకే. ఎంతమంది పిల్లలకి చదువు చెప్పే తల అది."

వంటింట్లో కనిపించిన పప్పునూనె తీసి మాడు మీద మర్దనా చేశాను. ఆవిడ హాయిగా కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, "ఏమండీ, ఇంగువ వాసన వస్తోందేం?" అంది. ఆవకాయ కోసం ఇంగువ వేసి కాచిపెట్టిన నూనె అది. రెండుసార్లు తలస్నానం చేసినా వదల్లేదు. సోమవారం యూనివర్సిటీ మీటింగులో ఆవిడకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయట.

అయినా కోప్పడలేదు. దాంతో నా నమ్మకం బలపడింది.

అన్నం వండటం నేర్చుకున్నాను. మొదట గంజి తయారైంది, తర్వాత రాళ్ళు, ఆ తర్వాత అన్నం. మా అమ్మాయి వర్షిణికి లంచ్‌బాక్స్ కట్టడం, నెట్‌బాల్‌కి దింపడం నా పనులయ్యాయి. వర్షిణి నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "నాన్నా, ఆర్ యూ ఓకే?" అంది.

చేపల పులుసుతో వ్యవహారం ముదిరింది. బోటు మీదికి ఆవిడ మనసు మళ్ళించడానికి పులుసును మించింది లేదనుకుని తాలింపు పెట్టి, విఠల్ ఫోనొస్తే బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ, స్మోక్ అలారం మోత. పక్కింటి మార్గరెట్ ఆంటీ ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చేసింది. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు మూకుడు చుట్టూ నిలబడి చూస్తుంటే, మా ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నన్ను చూస్తోంది. అప్పుడూ ఒక్క మాట అనలేదు.

తర్వాతి వారం మళ్ళీ పులుసు పెట్టాను. ఈసారి బాగా కుదిరింది. ఆవిడ రెండోసారి వడ్డించుకోగానే, సమయం వచ్చిందనుకున్నాను.

"వేదా, విఠల్ ఒక బోటు చూశాడు..."

"కొనుక్కోండి."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. మంచినీళ్ళు తాగాను.

"నీకు ముందే తెలుసా?"

"మీరు నూనె పెట్టిన రోజే. విఠల్ గారి భార్య ప్రభావతి ఫోన్ చేసి చెప్పింది."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"గమనిస్తున్నప్పుడు జంతువుని కదిలించకూడదండీ."

వర్షిణి పకపకా నవ్వింది. ఈ పిల్లకి కావలసినప్పుడు తెలుగంతా అర్థమవుతుంది.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "నల్లమల అడవిలో కోతుల మందని దగ్గరుండి చూడటానికి నాలుగు నెలలు రమ్మన్నారు. రెండుసార్లు కాదన్నాను, మీకు అన్నం వండటం రాదని. మూడోసారి పిలవరు. జవాబివ్వడానికి రేపే గడువు. ఈ పూట పులుసు కుదరకపోతే మళ్ళీ కాదనేదాన్ని" అంది.

అంత చదువుకున్న మనిషి, జీవితమంతా ఎదురుచూసిన పనిని నా గంజి అన్నం కోసం రెండుసార్లు వదులుకుంది. నాకు ఎప్పుడూ చెప్పనైనా లేదు. కళ్ళు చెమర్చాయి. పులుసులో కారం ఎక్కువైందన్నాను.

"వెళ్ళు వేదా. ఇల్లు నేను చూసుకుంటాను."

"తెలుసు. చూశాగా" అంది.

ఆవిడ వెళ్ళింది. అక్కణ్ణుంచి ఒక వీడియో పంపింది. బురదలో కదలకుండా, మెదలకుండా కూర్చుని ఉంది. చాలాసేపటికి ఒక ముసలి కోతి వచ్చి, ఆవిడ పక్కనే కూర్చుని తన పిల్లకి పేలు చూడటం మొదలుపెట్టింది. అలా నమ్మకం కుదిరేదాకా కూర్చోవడానికి ఎంత ఓపిక కావాలో, ఆ వీడియో వర్షిణితో కలిసి మళ్ళీ మళ్ళీ చూస్తే తెలిసింది. నాలాంటివాణ్ణి మచ్చిక చేసుకోవడం ఆవిడకి ఒక లెక్కా?

బోటు మా గరాజ్‌లో గిటారు పక్కనే ఉంది. శనివారం నెట్‌బాల్, ఆదివారం వారానికి సరిపడా వంట. బోటు ఇంకా సముద్రం మొహం చూడలేదు.

మొన్న విఠల్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, దానికి పెద్ద ఇంజను వేయిద్దాం. ప్రభావతిని ఒప్పించాలి. నీ పేలు చూసే పద్ధతి పనిచేసిందా?"

"బ్రహ్మాండంగా. బోటొచ్చిందిగా."

"అయితే నూనెతో మొదలెడతా. ఏ నూనె?"

"ఇంగువ వెయ్యనిది" అన్నాను.

మిగతా కథ చెప్పలేదు. గమనిస్తున్నప్పుడు జంతువుని కదిలించకూడదు.