వెన్న వాసన కొట్టిన రై బీరు

శనివారం ఎల్డన్ కూతురు బ్రిటా పెళ్ళి. మంగళవారం పొద్దున పదకొండింటికి కాబోయే వియ్యంకుడు ఆరిన్ వచ్చి, ఎల్డన్ ఇంట్లో రై ధాన్యంతో కాచిన బీరు రుచి చూసి సరేననాలి. అప్పుడే అది పెళ్ళిలో పోస్తారు. లేదంటే అంగట్లో బీరు డబ్బాలే గతి. ఆరిన్ ముప్ఫై ఏళ్ళుగా పోటీల్లో బీర్లకి మార్కులేస్తున్నవాడు. యాభైకి నలభై ఎవరికీ వేసిన పాపాన పోలేదు.

ముందు తనే ఓ గుక్క చూద్దామని ఎల్డన్ వంటింట్లో పీపా కుళాయి తిప్పాడు. బయట మైనస్ ఇరవై. అమెరికా ఉత్తరాన డులూత్ ఊరి చలికి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. సింకు పక్కన చిన్న రేకు డబ్బీ కనబడితే అందులో మైనం కాస్త పూసుకుని గ్లాసెత్తాడు.

ఓ గుక్క మింగాడు. రై గింజ ఘాటు, హాప్స్ పువ్వు చేదు రావాల్సిన చోట వెన్న వాసన. బీరు కాచేవాళ్ళకి వెన్న వాసనంటే పులియడం చెడిందనే లెక్క. ఆరువారాల కష్టం, ఇరవై లీటర్లు.

అంతలోనే ఆరిన్ దిగాడు. "బావగారూ, పెదాలు మండిపోతున్నాయి. పూసుకోడానికేమన్నా ఉందా?"

ఎల్డన్ ఆ డబ్బీయే ఇచ్చాడు. ఆరిన్ పూసుకుని, గ్లాసు వాసన చూసి, గుక్క తాగి, కిటికీలోంచి మంచుకేసి చూశాడు.

"వెరైటీగా ఉంది," అన్నాడు.

అక్కడి మర్యాదస్తుల నోట ఆ మాటొచ్చిందంటే తిట్టినట్టే.

"మొహమాటం వద్దు బావగారూ. వెన్నేగా?"

"వెన్నే. పాప్‌కార్న్ మీద పోసినంత." కాగితం మీద పంతొమ్మిది వేశాడు. "నాకూ ఓసారి ఇలాగే అయిందిలెండి."

"ఏం చేశారు?"

"మా బావమరిదికి ఇచ్చేశాను."

ఇద్దరూ పీపా మోసుకెళ్ళి, కుళాయి తిప్పి సింకులోకి వదిలేశారు. చర్చి నుంచి వచ్చిన ఎల్డన్ భార్య మార్లిస్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటయ్యా ఇది, పెళ్ళి బీరు పారబోస్తున్నావ్?"

"చెడిపోయిందే. వెన్న కంపు."

ఆవిడ ధార కింద గ్లాసు పెట్టి పట్టి తాగింది. "శుభ్రంగా ఉంది. కమలాతొక్క చేదు, వెనకాల మిరియం ఘాటు. వెన్నెక్కడిది?"

"నీకు జలుబు."

"తగ్గి వారమైంది." ఆవిడ ఇద్దరి మూతులూ చూసింది. నూనెలోంచి తీసిన గారెల్లా మెరుస్తున్నాయి. "నా డబ్బీ ఎవరు తీశారు?"

"పెదాలకి రాసుకునేదేగా?"

"అదే. మా చెల్లెలు తెచ్చింది. వెన్న మిఠాయి వాసనది."

ఎల్డన్ ఒక్క ఉరుకున పీపా కుళాయి కట్టేశాడు. ఇద్దరూ సబ్బెట్టి మూతులు తోముకుని మళ్ళీ తాగారు.

"ఇప్పుడు సబ్బు వాసనొస్తోంది," అంటూ ఆరిన్ పెన్ను తీశాడు. మార్లిస్ పెన్ను లాక్కుని చెరో బ్రెడ్డుముక్క చేతిలో పెట్టింది.

"నమిలి, అప్పుడు తాగండన్నయ్యగారూ."

మూడో గుక్క. ఆరిన్ గ్లాసు ఖాళీ చేశాడు.

"ఎంత మిగిలింది బావగారూ?"

"పదహారు లీటర్లుంటుంది."

"జాగ్రత్తగా పోస్తే పెళ్ళికి సరిపోతుంది," అంటూ నలభై రెండు వేశాడు.

ఎల్డన్ పీపాని రెండు చేతులా ఎత్తి సింకుకి దూరంగా పెట్టాడు.

పాత పంతొమ్మిది మాత్రం ఆరిన్ కొట్టేయలేదు. దానికెదురుగా "లిప్ బామ్" అని రాసి సంతకం పెట్టాడు.